ఆరని అంచు

అమలాపురంలో మా బావగారు ఎగిరే బొమ్మ విమానాలు చేసేవారు. కర్ర రెక్కకు పల్చటి పట్టుగుడ్డ అతికించేటప్పుడు ఒక కొస ఆయన, రెండో కొస మా అక్క పట్టుకుని బిగువుగా లాగేవారు. అంచున వేలెడు గుడ్డ వదిలేసి, జిగురు ఆరాకే దాన్ని బ్లేడుతో కోసేవారు. అక్క తొందరపెడితే, "తడి మీద కోస్తే గుడ్డ లాగేసుకుంటాది, ఆరనీ" అనేవారు.

అక్క ఆఖరిసారి పట్టుకున్న రెక్క, ఆవిడ పోయి ఏడాదైనా బల్ల మీదే ఉంది. మిగులు గుడ్డ అలాగే వేలాడుతోంది.

"ఇది కొయ్యలేదేం బావగారూ?" అన్నాను.

"ఇంకా ఆరలేదమ్మా."

ముట్టుకుని చూశాను. అక్క జిగురు వేళ్లతో పట్టుకున్న ముడత ఆ అంచులోనే ఎండి, పెంకులా గట్టిపడి ఉంది.

"ఆయ్, ఆరలేదండీ" అన్నాను.