తాళం వేసిన మెట్లు

బరువెక్కువై లిఫ్టు కుయ్యిమని మోగగానే అందరి చూపూ ఆమె మీదే పడుతుంది. ఆఖర్న ఎక్కింది ఎవరైనా సరే, దిగాల్సింది మాత్రం ఆమే. ఫోన్లో కస్టమర్ల తిట్లు వినే ఆ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ 'బస్తా'. ఎదుటివాళ్లు నవ్వేలోపే తనే నవ్వేసేది.

ఇరవై ఆరేళ్లు. రోజంతా కుర్చీలోనే. కాల్ వదిలి లేస్తే జీతంలో కోత. కింది క్యాంటీన్‌కు వెళ్లొచ్చేంత తీరిక ఇవ్వరు కాబట్టి, పక్కనున్న మెషీన్‌లోని బిస్కెట్లూ కూల్‌డ్రింకులే భోజనం. ఇంట్లో నాన్నకు షుగరు ముదిరి కాలి వేళ్లు తీసేశారు. ఆ కట్టు మార్చేది ఈమే. అందుకే డాక్టరమ్మ రిపోర్టు చూసి, "షుగరింకా రాలేదమ్మా, గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడే ఒళ్లు కదిలిస్తే వెనక్కి పంపొచ్చు" అనగానే ఆమెకు నాన్న కాలి కట్టే కళ్లముందు మెదిలింది.

ఇంటి నుంచి తిండి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. నాలుగో అంతస్తులోని ఆఫీసుకు మెట్లెక్కి వెళ్దామనుకుంది. మెట్ల తలుపుకు తాళం. వాచ్‌మన్ మేనేజర్ని అడగమన్నాడు. మేనేజరేమో, తెరిస్తే అందరూ అక్కడ చేరి సిగరెట్లు కాలుస్తారన్నాడు. తలుపు అద్దంలోంచి చూస్తే మెట్ల నిండా పెట్టెలు, మెషీన్‌లో నింపే కూల్‌డ్రింకులవి. రేపు నిప్పంటుకుంటే ఇంతమందీ ఏ దారిన పోవాలో ఎవరికీ పట్టలేదు. అడగ్గా అడగ్గా ఆఫీసు కదిలింది. 'తక్కువ తిందాం, ఎక్కువ నడుద్దాం' అని గోడకు రంగుల బొమ్మ అంటించి, దాని కింద బరువు చూసుకునే మెషీన్ పెట్టింది. అందరి ముందూ.

లావుగా ఉన్న పిల్ల కనబడితే సలహా ఇవ్వడానికి అందరూ తయారే. తాళం తీయమంటే మాత్రం ఎవరి చేతా కాదు.

మొన్న పొద్దున లిఫ్టు మళ్లీ మోగింది. ఆఖర్న ఎక్కింది మేనేజరే. అయినా అందరూ ఈమె వైపే చూశారు.

"దిగవే బస్తా, లాగిన్ టైమైపోతోంది" అంది పక్క సీటు పిల్ల.

"దిగుతానే. మెట్ల తాళం తియ్యమను, ఇప్పుడే దిగుతా" అందామె, మేనేజరు మొహంలోకి చూస్తూ.

మేనేజరు ఫోన్‌లోకి తల దించుకున్నాడు. లిఫ్టు మోగుతూనే ఉంది. ఈసారి ఆమె నవ్వలేదు, ఇంకెవరూ నవ్వలేదు. చివరికి పక్క సీటు పిల్లే, నీతో పెట్టుకుంటే నా జీతం పోతుందని గొణుక్కుంటూ దిగిపోయింది. తలుపులు మూసుకున్నాయి.

గెలిచానని ఆమెకు అనిపించలేదు. తను అడిగింది లిఫ్టులో చోటు కాదు. పైన దిగాక సీటుకు వెళ్లకుండా నేరుగా, అక్కడా తాళం వేసే ఉన్న మెట్ల తలుపు దగ్గరికి నడిచి, పిడి పట్టుకుని గట్టిగా లాగింది.

"అది రాదమ్మా" అన్నాడు వెనక నుంచి మేనేజరు.

"తెలుసు సార్" అని మళ్లీ లాగింది.