గడ్డిమోపు నేర్పిన వాక్యం

స్త్రీల ఆదివారం నాడు వాక్యం చెప్పమని పాస్టరుగారు అడిగేసరికి నా కాళ్లు నేల మీద ఆగలేదు. అంశం భారాలు. రామచంద్రపురంలో బళ్లో పిల్లలకి పాఠాలు చెప్పడమే గాని, మా ఊరి చర్చిలో నిలబడి మాట్లాడటం అదే మొదలు. ఆ వారమంతా బైబిలు వదల్లేదు. బరువు కింద పడిపోయిన పగవాడి గాడిదని కూడా లేవనెత్తమన్న మాట చదివాను. ఈ జనాన్ని ఒక్కణ్ణే మోయలేనని మోషే మొరపెట్టుకోవడం చదివాను. చివరికి అపొస్తలుడు సంఘానికి ఉత్తరంగా రాసిన పత్రికలో చిక్కుకుపోయాను. ఒకరి భారాలు ఒకరు మోయమన్నాడు. నాలుగు మాటలు దాటాక, ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలన్నాడు. సంగతి అర్థం కాకపోయినా ఏదో కనిపెట్టేసినట్టు సంబరపడిపోయి, మా అక్కకి చెబుదామని బయల్దేరాను.

అక్క కూతురికి పుట్టినప్పటి నుంచి కాళ్లు పనిచేయవు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి అక్క ఒక్కతే ఎత్తుతుంది. ఎవరినీ సాయం పట్టనివ్వదు. పిల్ల ఎదిగి బరువెక్కాక చర్చికి తీసుకురావడం మానేసింది, తనూ మానేసింది. వాళ్లిద్దరూ లేకుండా భారాల గురించి నేను ఎవరికి చెప్పాలి? ఎలాగైనా రప్పించాలని నా పట్టుదల.

కాలవగట్టు మీద గడ్డి కోస్తున్న అక్కకి ఆ రెండు మాటలూ చెప్పాను.

"నాకు రెండోది చాల్లే. నా బిడ్డ ఎవరికీ భారం కాదు," అంది.

నాకు ఒళ్లు మండింది. మహా పండితురాలిలా వాదించాను. తను వినిపించుకోకుండా మోపు కట్టి, పాత చీరముక్కని చుట్టచుట్టి తల మీద పెట్టుకుని, "ఓ చెయ్యి వెయ్యవే," అంది. ఇద్దరం మోపు లేపాం. తలకెక్కగానే అక్క మెడ నిలబెట్టి చకచకా నడిచిపోయింది.

నేను అక్కడే ఉండిపోయాను. మోసేది తనొక్కతే. కానీ తలకెత్తుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే మా వైపు దారిన పోయేవాళ్లనైనా ఆపి చెయ్యి వెయ్యమంటారు, అడగడానికి ఎవరూ సిగ్గుపడరు. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎందుకున్నాయో నాకు తెలిసిపోయింది! ఆనందం పట్టలేక వెనకాల పరుగెత్తాను.

"అక్కా, గడ్డికి అడిగావు కదా, పిల్లని ఎత్తడానికి ఎందుకు అడగవు? మోసేది నువ్వే. ఎత్తేటప్పుడే నేను."

"ముందు పక్కకి తప్పుకో, కాలవలో పడతావు."

ఇంటికెళ్లి గేదెకి గడ్డి వేసి, చేతులు కడుక్కుని, మంచం దగ్గర అలవాటుగా వంగింది. వంగి ఆగింది.

"కాళ్ల వైపు పట్టుకో," అంది, నాకేసి చూడకుండా.

ఇద్దరం కలిసి పిల్లని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాం. పిల్ల నా కొంగు పట్టుకుని నవ్వింది.

"ఇవాళ అమ్మ మూలగలేదు పిన్నీ."

అక్క పిల్ల కాళ్ల మీద దుప్పటి సర్దింది. తర్వాత, "ఆదివారం పొద్దున్నే రా. దీన్ని ఆటో ఎక్కించాలి," అంది.