ఎండాకుల ఫోటోలో చీరచెంగు

పోయిన నెలలో, నేను ఉద్యోగం చేసి రిటైరైన విశ్వవిద్యాలయం మేనేజ్‌మెంట్ విభాగంవాళ్ళు నన్ను పిలిచారు. విద్యార్థులు తమంతట తాము చేసిన పర్యావరణ ప్రాజెక్టులు చూసి మార్కులు వేసే ముగ్గురిలో ఒకరిగా కూర్చోవాలట. మోకాళ్ళు సహకరించడం లేదని, రాజమండ్రి ఎండకి తట్టుకోలేనని ఏవో సాకులు చెప్పి చూశాను గాని, ఫోన్ చేసినది ఒకప్పుడు నా దగ్గర చదువుకుని ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్న అమ్మాయి. “కారు పంపిస్తానండి మేడమ్, మీరు రాకపోతే ఎలాగండి” అనేసరికి ఇక కాదనలేకపోయాను. రిటైరయ్యాక మనల్ని పిలిచేవాళ్ళు ఎంత తగ్గిపోతారో, పిలిచినప్పుడు వద్దనడం ఎంత కష్టమో నా ఈడువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

హాలు నిండా రంగురంగుల బోర్డులు, ఇస్త్రీ చొక్కాల్లో చెమటలు పట్టిన పిల్లలు. మూడు జట్లు చెప్పినవి విన్నానో లేదో నాకే తెలియదు, ఈ మధ్య ఏ మీటింగులో కూర్చున్నా సగంలోనే అలసట వచ్చేస్తోంది. నాలుగో జట్టు పిల్లలు తెరమీద ఒక పాత ఫోటో వేశారు. అరటిగెలల యార్డు, ఒక మూల మనిషెత్తు ఎండు అరటాకుల కుప్ప, ఫోటో అంచున తెగిపోయి, కనబడీ కనబడనట్టు ఒక ముదురాకుపచ్చ చీరచెంగు. ఆ ఫోటో నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ళ కిందట నా విద్యార్థులు తీసిందే అది, తీస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను.

అప్పట్లో ఈ ప్రాజెక్టులు మా విభాగానికి కొత్త. పిల్లలు క్లాసులో కూర్చుంటే చాలదు, ఊళ్ళలోకి వెళ్ళి పర్యావరణానికి పనికొచ్చేది ఏదో ఒకటి చేయాలని పైనుంచి కాగితం వచ్చింది. తోటి లెక్చరర్లందరూ మెల్లగా తప్పుకుంటే, అరటితోటల ఇంట్లో పుట్టాను కాబట్టి నాకు తెలుస్తుందని ఆ పని నా నెత్తిన పెట్టారు. నిజమే, మా నాన్నగారు రావులపాలెం అవతల గోదావరి లంకలో చక్కెరకేళీ పండించేవారు. కోసిన గెలని ఆయన ఏనాడూ ఉత్త నేలమీద పెట్టనివ్వలేదు. ముందు ఎండాకులు పరిచి, దానిమీద పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టేవారు. కాయకి ఒరుపు తగిలితే మచ్చ పడుతుంది, మచ్చపడిన గెలని చూసి కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. ఎండాకు మడిచి గెలకీ గెలకీ మధ్య దోపడం నాకు అ ఆలు రాకముందే వచ్చిన పని. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి తెలియకపోవడం అనే సాకు నాకు లేదు.

ఆరుగురు విద్యార్థులు చేరి, లంకల వైపున్న ఒక చిన్న యార్డుని చెత్త లేని యార్డుగా మారుస్తామన్నారు. మంచి పిల్లలు, హుషారైన పిల్లలు. కాలేజీ బస్సులో పొద్దున్నే వెళ్ళేవాళ్ళం. సైకిళ్ళమీద అటూ ఇటూ గెలలు వేలాడేసుకుని రైతులు వస్తుండేవారు, పచ్చి అరటి వాసన, అరుపులు, వేలంపాటలు. ఆ సందడిలో మా పిల్లలు చేతులకి తొడుగులు వేసుకుని, యార్డులో కిందపడి ఉన్నదల్లా ఏరి, రకాలుగా విడదీసి తూకం వేసేవారు. వాటిలో అన్నిటికన్నా పెద్ద కుప్ప ఎండాకులది. పట్టికలో దాన్ని చెత్త అని రాసుకున్నారు. అలా రాసుకోవడానికి కారణం ఉంది. మా బస్సు మూడింటికల్లా తిరిగి బయల్దేరాలి, యార్డులో లారీలకి గెలలు ఎక్కించేది సాయంత్రం. ఆ కుప్ప పొద్దున్నే పోగవడం చూశారు గాని, సాయంత్రానికి ఎటు పోతుందో చూడలేదు.

కుప్ప పక్కన ఎప్పుడూ ఒక పెద్దావిడ కూర్చుని ఉండేది. గోదావరిలో వలేసుకుని బతికిన కుటుంబం, భర్త పోయాక రోజూ పడవలో లంకల్లోకి వెళ్ళి, తోటల్లో ఎండిన ఆకులు ఏరి, మోపులు కట్టి తెచ్చి లారీల వాళ్ళకి అమ్ముకునేది. పిల్లలు ఆవిడని మామ్మా అని పిలిచేవారు. ఫోటో తీసే రోజున “మామ్మా, కొంచెం పక్కకి జరుగుతారా అండి” అని ఎంతో మర్యాదగా అడిగితే, ఆవిడ నవ్వుతూ జరిగింది. చెంగు మాత్రం ఫోటోలో ఉండిపోయింది.

పిల్లల్లో పాలకొల్లు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది, పెద్దగా మాట్లాడేది కాదు. ఇప్పుడు నాకు ఫోన్ చేసి పిలిచిన లెక్చరర్ ఆ అమ్మాయే. వాళ్ళ మేనమామ ఇల్లు ఆ దగ్గర్లో ఉండటంతో ఒకరోజు బస్సెక్కకుండా అక్కడే ఆగిపోయి, సాయంత్రం యార్డుకెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. మర్నాడు నా గదికి వచ్చి ఒక నోటుబుక్కు నా బల్లమీద పెట్టింది. ఆవిడ పేరు, ఏ లంకలో ఆకు బాగుంటుంది, వానాకాలంలో ఎలా ఆరబెడుతుంది, లారీలో ఎన్ని వరసలకి ఎంత ఆకు పరుస్తారు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. “అది చెత్త కాదండి మేడమ్, ఆవిడ సరుకండి” అంది.

నేను ఆ నోటుబుక్కు తిరగేశాను. ఆకుల గురించి నాకు తెలియని సంగతి ఒక్కటి కూడా అందులో లేదు. కాని ప్రాజెక్టుల పోటీ రెండ్రోజుల్లో ఉంది. పట్టికలోంచి ఎండాకులు తీసేస్తే ఇక మిగిలేది కాసిన్ని టీకప్పులూ తాళ్ళూ, దానికి ప్రైజు ఎవరిస్తారు? అసలు సంగతి అదీ కాదేమో, అన్నీ మొదటినుంచీ రాసే ఓపిక నాకు లేకపోయింది. రిపోర్టు అయ్యాక చూద్దాంలేమ్మా అన్నాను. ఆ అమ్మాయి సరేనండి అని వెళ్ళిపోయింది. నోటుబుక్కు సొరుగులో పెట్టి, రిపోర్టు మీద సంతకం చేశాను.

ప్రైజు వచ్చింది. యార్డు పెద్దాయన పొంగిపోయి, మా పిల్లలు రాసింది రాసినట్టు అమలు చేశాడు. గేటు దగ్గర బోర్డు పెట్టించాడు, ఎండాకు లోపలికి రాకుండా కట్టడి చేశాడు, ఉన్నదంతా ఎరువుగుంటలో వేయించాడు. మరి గెలలు ఒరుసుకుపోకుండా ఏదో ఒకటి కావాలి కదా, వ్యాపారులు పట్నం నుంచి తెల్లటి ఫోమ్ షీట్లు తెప్పించుకున్నారు. నాలుగు నెలల తర్వాత మనసొప్పక నేను ఒక్కదాన్నే వెళ్ళి ఆయనని అడిగితే, “మీ పిల్లలే కదండీ రాసింది, కింద మీ సంతకం కూడా ఉందిగా” అన్నాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

గేటు బయట ఆవిడ రెండు మోపులు పెట్టుకుని కూర్చుని ఉంది. అలవాటు మానలేక తెస్తోంది గాని కొనేవాళ్ళు లేరు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. తిట్టినా బాగుండేది. “పిల్లలు మంచోళ్ళేనండి, మామ్మా అని నోరారా పిలిచేవోరు. ఒక్క మాట అడిగుంటే నేనే చెప్పేదాన్ని కదండి” అంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. మళ్ళీ ఏడాది వెళ్ళేసరికి ఆవిడ అక్కడ లేదు. రొయ్యలు వలిచే పనికి భీమవరం వైపు ఎక్కడికో వెళ్ళిందన్నారు. ఆ మంచునీళ్ళలో ఆ వయసులో ఎన్నాళ్ళు చేసిందో తెలియదు.

ఇప్పుడు విభాగం పాత ఫోటోల్లో దొరికిన అదే ఫోటోని తెరమీద వేసి, నాలుగో జట్టు పిల్లలు ఉత్సాహంగా చెబుతున్నారు. అరటి యార్డుల్లో ఫోమ్ షీట్ల చెత్త కాలవల్లోకి చేరుతోందట, దాని బదులు గెలల కింద ఎండు అరటాకులు పరవచ్చని తాము కనిపెట్టారట. చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, అలవాటైన చేతులు కదా. తర్వాత మైకు నా ముందుకొస్తే, ఆ అంచున ఉన్నదేంటమ్మా అని అడిగాను. చెబుతున్న అమ్మాయి తెరవైపు తేరిపార చూసి, “ఎవరో అడ్డొచ్చినట్టున్నారండి మేడమ్, క్రాప్ చేసేస్తామండి” అంది.

వద్దన్నాను. మీరు కనిపెట్టామంటున్న పనితోనే ఆవిడ ఇల్లు నడిపిందని, మేము దాన్ని చెత్త అని రాసి ఆవిడని గేటు బయట కూర్చోబెట్టామని, ఆ రిపోర్టు మీద సంతకం నాదేనని చెప్పాను. చెబుతుంటే గొంతు ఎక్కడా వణకలేదు, అంత అలసిపోయి ఉన్నాను. తెర దగ్గరున్న అమ్మాయి పెన్ను తీసి, అయితే ఫోటో కింద ఆవిడ పేరు రాస్తామండి, ఏం పేరండి అని అడిగింది.

నేను పక్కనే ఉన్న నా పాత విద్యార్థిని వైపు చూశాను. ఆమె కాసేపు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయి, తల అడ్డంగా ఊపింది. “నోటుబుక్కులో రాశానండి మేడమ్. అది మీకే ఇచ్చాను కదండి” అంది మెల్లగా.

రిటైరైన వారంలో గది ఖాళీ చేస్తూ, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చూసుకునే ఓపిక లేక, సొరుగుల్లో ఉన్నవన్నీ గోనెసంచుల్లో కుక్కి పాతపేపర్లు కొనే అతనికి వేసేశాను. ఆ సంచుల్లో ఏముందని అతను అడిగితే, ఏముంటుంది బాబూ, చెత్తే అన్నాను.

మా రోజులకన్నా ఈ పిల్లలు నయం, కనీసం పేరడిగారు. మేము అడగాల్సిన రోజున ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉంది. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని ఇంకా నావైపే చూస్తోంది. చివరికి, మామ్మ అని రాయమ్మా అన్నాను.