ఊరేగింపులో ఆగని జీపు

మా జీపుకి బ్రేకులు మార్పించాలని నిర్ణయించుకునేనాటికి, అది ఆగాల్సిన చోట ఆగక ఏడాది దాటింది. నా పనులన్నీ దాదాపు ఈ వేగంతోనే నడుస్తాయి.

జీపు పాతది, నాలుగు చక్రాలూ లాగే రకం. మాచర్ల అవతల కొండవారన ఉన్న మా చేలకి రోడ్డు లేదు. రాళ్ళు పరిచిన దారి ఒకటుంది, ఆ రాళ్ళు పరిచింది కూడా మనిషి కాదు. ట్రాక్టరు వెళ్తుంది గానీ, దాని మీద వెళ్ళొచ్చినవాడి నడుం మూడోరోజుకి గాని మాట వినదు. అందుకని నేను జీపు కొన్నాను. పక్క చేను బావ దాని పక్క సీటు ఆక్రమించాడు. బావ అంటే చుట్టరికమేమీ కాదు. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం, అప్పట్లో నోటికి అలవాటైన పిలుపు.

ఇరవై ఏళ్ళు నేను తోలాను, ఎలా తోలాలో అతను చెప్పాడు. బ్రేకు గొట్టాల్లో గాలి చేరినప్పుడల్లా ఇద్దరం కలిసి తీసేవాళ్ళం. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి. రెండోవాడు చక్రం దగ్గర పడుకుని నట్టు వదులు చేసి, గాలి పోయాక బిగించాలి. బిగించకముందే పైవాడు కాలు తీశాడా, గాలి మళ్ళీ లోపలికి పోతుంది. నేను మాట్లాడుతుంటే మూడు మాటలకోసారి అడ్డొచ్చే మనిషి, పెడల్ మీద మాత్రం నేను చెప్పేదాకా కదిలేవాడు కాదు.

ఆ తర్వాత వచ్చిన పంచాయతీ ఎన్నికల్లో బావ వాళ్ళన్న సర్పంచిగా నిలబడ్డాడు. బావ ప్రచారంలో పడి జీపెక్కడం మానేశాడు. బ్రేకులు మెత్తబడింది సరిగ్గా ఆ నెలల్లోనే. మూడుసార్లు కొడితే గాని పట్టేవి కావు, పడితే బండి ఎడమకి లాగేది. స్టీరింగు తిప్పితే చక్రం కాసేపు ఆలోచించుకుని తిరిగేది. ఓసారి చూద్దాం రమ్మన్నాను. "ఎన్నికలైపోనియ్ బావా" అన్నాడు. సరేనన్నాను.

ఎన్నికలైపోయాయి. వాళ్ళన్న వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్లతో ఓడిపోయాడు.

ఆ సాయంత్రం నేను చేను నుంచి వస్తుంటే బడి దగ్గర గెలిచినవాళ్ళ ఊరేగింపు తగిలింది. బండి నెమ్మది చేశాను. అదే తప్పు. మా వైపు ఊరేగింపు పక్కన నెమ్మదిగా పోయే బండి అంటే, ఎక్కమని పిలిచినట్టే. పది పన్నెండు మంది ఎక్కేశారు. బానెట్ మీదే ఇద్దరు. ఎవరో నా నెత్తిన రంగు పోశారు. "పోనియ్ బాబాయ్! యాడా ఆపమాక!" అని ఒకటే అరుపులు. బడి దగ్గర్నుంచి బజారు పల్లం. పల్లం దిగాక బావ వాళ్ళిల్లు.

బ్రేకు కొట్టాను. మళ్ళీ కొట్టాను. మూడోసారి కూడా కొట్టాను. అంతమందిని మోస్తున్న జీపు నా ఒక్కడి కాలిని లెక్కచేయలేదు. డప్పుల మధ్య, రంగు మొహంతో, వాళ్ళ గుమ్మం ముందు నుంచి ఊరేగుతూ వెళ్ళాను. బావ అరుగు మీద నిలబడి ఉన్నాడు. నేను చెయ్యెత్తి ఏదో సైగ చేశాను. బ్రేకులు పడటం లేదని చెప్పే సైగ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దూరం నుంచి అది దణ్ణం లాగానో, అంతకంటే హీనంగా గెలిచినవాడి చెయ్యి లాగానో కనపడి ఉంటుంది.

నేను ఓటేసింది వాళ్ళన్నకే. మర్నాడు ఆ మాట చెబుదామని వెళ్తే, ఇంట్లో లేడని ఇంట్లోంచే కబురొచ్చింది. ఫోను ఎత్తలేదు. గెలిచినవాళ్ళకి కావలసింది బండి, నేను కాదు కనుక వాళ్ళూ మళ్ళీ పలకరించలేదు. అలా రెండు పక్షాలకీ సమానంగా అక్కర్లేనివాణ్ణయ్యాను.

గేరులో ఉంచి ఇంజను ఆపేసి ఉంటే బండి ఆగేదే. ఆ ఉపాయం నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. అప్పుడు తట్టకపోవడానికి కంగారు ఒక కారణం. రెండో కారణం గురించి నేను ఎక్కువగా ఆలోచించను. గెలిచినవాళ్ళు పన్నెండుమంది ఎక్కి ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు ఒక్కటే చాలవు.

ఆ తర్వాత ఏడాది పాటు పక్క సీట్లో నీళ్ళ క్యాను పెట్టుకుని తిరిగాను. ఎలా తోలాలో అది చెప్పదు. మొదట్లో హాయిగానే ఉంది. రెండో నెలలో "గుంట, చూసుకో" అని నేనే దాంతో అనడం మొదలుపెట్టాను. పెళ్ళి చేసుకోనివాడు ఇలాంటివి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, అదొక సౌకర్యం.

చివరికి ఎండాకాలంలో, ఒకటో గేరులో, మాచర్లలో ఒక షెడ్డుకి చేరుకున్నాను. మెకానిక్ ముందు చక్రం పట్టుకుని ఊపి చూశాడు.

"దీన్ని ఇన్నాళ్ళు ఎట్టా తోలారు సార్?"

"నెమ్మదిగా."

"మరి ఆపేదెట్టా?"

"ఎదర ఎత్తు వచ్చేదాకా ఆగేవాణ్ణి."

అతను నవ్వలేదు. "ముందు డ్రమ్ములు తీసేసి డిస్కులేద్దాం. గట్టిగా తొక్కకుండానే పట్టేటట్టు పెడల్‌కి బూస్టర్ పెడదాం. కానీ బ్రేకులొక్కటే మారిస్తే కుదరదు. గట్టిగా పట్టినప్పుడల్లా ఈ వదులు స్టీరింగు మిమ్మల్ని చేలోకి తీసకపోద్ది. చక్రాల్ని కలిపే రాడ్డు కీళ్ళు, బేరింగులు, అన్నీ పోయినయ్."

"నేను పోయేది చేలోకే కదా."

"మీకు చానా ఎగతాళి సార్."

పని మూడు రోజులు పట్టింది. ఇంటికి పోయి రావచ్చు గానీ పోలేదు. షెడ్డులో అయితే కనీసం విసుక్కునేవాళ్ళుంటారు. ఎండకి ఇనుము ముట్టుకోలేక అతను స్పానర్లు తడి గోనెపట్టా కింద పెట్టుకున్నాడు. కుడి చక్రం డ్రమ్ము విప్పితే లోపలి బ్రేకు షూ ఆయిల్లో నానిపోయి, పట్టు లేకుండా ఉంది.

"ఇది ఎప్పట్నుంచి ఇట్టా ఉండుంటుంది?" అని అడిగాను.

"ఏడాది పైమాటే సార్."

"ఆ సంగతి ఒక కాగితం మీద రాసిస్తావా?"

"ఎవరికి, ఇన్సూరెన్సోళ్ళకా?"

"అలాంటివాళ్ళకే."

అతను మళ్ళీ చక్రం దగ్గర కూర్చున్నాడు. కాగితం ఇవ్వలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

మూడోరోజు గాలి తీయాల్సి వచ్చింది. "పెడల్ కొట్టేదానికి మీ మనిషెవరన్నా ఉన్నారా సార్?" అన్నాడు. లేరన్నాను. నేనే ఎక్కి కూర్చున్నాను. "కొట్టండి... పట్టుకోండి..." కింద నుంచి అతని గొంతు ఒకటే వినపడుతోంది. మనిషి కనపడడు. ఎంతసేపు పట్టుకోవాలో తెలియక ముందే కాలు తీశాను.

"వదలమన్నానా? మళ్ళీ గాలి లోపలికి పోయింది!"

"నాకు చక్రం దగ్గర పనే వచ్చు. ఈ పని వేరే ఆయన చేసేవాడు."

"ఆయన్నే తీసకరావాల్సింది సార్."

అదీ ప్రయత్నించానని చెప్పలేదు.

తిరిగి వస్తూ ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు బ్రేకు వేసి చూశాను. ఒక్కసారి కాలు పెడితే చాలు, ఎటూ లాగకుండా తిన్నగా నిలబడింది. ఐదోసారి, ఒక గేదె చూస్తోందని వేశాను.

నేరుగా మా ఇంటికి పోవాలంటే బజారులోకి తిరగనక్కర్లేదు. తిరిగాను. బావ అరుగు మీద మందు కొట్టే పంపు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. సరిగ్గా అతనికి ఎదురుగా బ్రేకు వేశాను. జీపు గోడలా నిలబడిపోయింది. అతను తలెత్తి ముందు చక్రాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఏడాదిలో అదే మొదటిసారి.

"డిస్కులేయించా బావా" అన్నాను.

"ఆగుతున్నట్టుందే."

"ఒక్కసారి కొడితే చాలు. అప్పుడైతే కుడి పక్క షూ..."

"ఆపాలనుకుంటే ఏ బండైనా ఆగుద్ది" అన్నాడు.

పంపు ముక్కలు ఏరుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. ఇవి కొత్త బ్రేకులని, అప్పటివి వేరని లోపలిదాకా వినపడేలా చెప్పాలంటే బజారంతా వినేలా అరవాలి. ఆ మాటల్లో సగమే నిజమని కూడా నాకు తెలుసు. ఇంజను ఆపకుండా అక్కడే ఉన్నాను. వెనక ఆటోవాడు హారన్ మీద హారన్ కొట్టాడు. బండి ముందుకు పోనిచ్చాను.