సరంగు బాబాయి ఆడిన అబద్ధం

మా సరంగు బాబాయికి కోపం రావడానికి కారణం అక్కర్లేదు. కారణాలే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవి. టీ వేడిగా ఉంటే నాలుక కాల్చాలని చూశారనేవాడు, చల్లారితే తనంటే లెక్కలేదనేవాడు. అలలు లేని రోజున సముద్రాన్ని కూడా పనిదొంగ అని తిట్టేవాడు.

మాది పరిశోధన ఓడ. లోతు నుంచి నీళ్లు తెచ్చే సీసాల చట్రాన్ని ఇనుపతాడుకి కట్టి దించుతాం. ఆ తాడూ, దాన్ని చుట్టే యంత్రమూ బాబాయి రాజ్యం. తాడు నీళ్లలో ఉండగా కెప్టెన్ కూడా ఆయన మాటకి ఎదురు చెప్పడు. గోరంత దానికి కొండంత అరిచే ఆ మనిషి, తాడు గురించి మాత్రం ఏనాడూ అబద్ధమాడి ఎరగడు.

ఆ రోజు పండగ సెలవు, ఒడ్డున ఉన్నవాళ్లకి. మాకు చట్రం దించే పని తప్పలేదు. అందరం లోపల్లోపల ఉడికిపోతున్నాం. ఎవరో సరదాపడి యంత్రానికి రంగుకాగితాలు కట్టారు. బాబాయి వాటిని పీకి పారేసి, దీనికేమైనా పెళ్లిచూపులా అని అడిగాడు.

వంటాయన పండక్కని కేకు చేసి తెచ్చాడు. ముక్క నోట్లో పెట్టగానే బాబాయి మొహం కందగడ్డయింది.

"చుట్టూ ఇంత సముద్రం ఉంటే, ఉప్పు చాల్లేదనుకున్నావా?"

పంచదార బదులు ఉప్పు పడింది. వంటాయన కళ్లు తుడుచుకున్నాడు. కూతుర్ని పురిటికి ఆసుపత్రిలో చేర్చారట, ఆ తర్వాత కబురు లేదు. ఓడ నిలబడ్డ తీరుకి ఉపగ్రహం వైపు పొగగొట్టం అడ్డొచ్చి ఫోను పలకడం లేదు. ఓడని కాస్త తిప్పమంటే, తాడు పైకొచ్చేదాకా, అంటే చీకటి పడేదాకా, కుదరదని కెప్టెన్ చెప్పేశాడట.

"మనసు అక్కడ పెట్టుకుని గరిటె ఎందుకు పట్టావ్? పో, ఆ ఫోను దగ్గర కూర్చో" అని బాబాయి ఆయన్ని తరిమేశాడు. నాకు ఒళ్లు మండింది. ఇదేం మనిషిరా అనుకున్నాను.

కాసేపటికి బాబాయి యంత్రం ఆపి, కెప్టెన్ గదికి వినపడే మైకు అందుకున్నాడు.

"తాడు ఓడ కిందికి పోతోంది. తెగితే నా పూచీ లేదు. ముక్కు కుడికి తిప్పండి, మెల్లగా."

ఓడ నిలబెట్టడం కూడా తనే నేర్పాలా అని అక్షింతలు వేశాడు. కెప్టెన్ కిమ్మనకుండా తిప్పాడు. ఓడ తిరుగుతున్నంతసేపూ బాబాయి చెయ్యి బ్రేకు వదల్లేదు, చూపు తాడు వదల్లేదు.

నేను పక్కనే కమ్మీ పట్టుకుని చూస్తున్నాను. తాడు మొదట్నుంచీ మేస్త్రీ గోడకి వేలాడదీసే గుండుదారంలా నిటారుగానే ఉంది.

ఇంతలో వంటాయన పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు."

"తాడు నీళ్లలో ఉండగా ఇటు రమ్మన్నదెవరు? పో. పిల్ల ఏడుపు వినకుండా ఫోను పెట్టేశావో, ఊరుకోను."

వంటాయన వెళ్లాక నెమ్మదిగా అన్నాను, "బాబాయ్, తాడు నిటారుగానే ఉంది కదా."

"ఉందిరా. ఓడే వంకరగా నిలబడింది."