మంద్రస్ అంటే తేనె

మొన్న ఆదివారం మా ఇల్లంతా తేనె వాసన. మా ఆయన సంత నుంచి బుట్టెడు సీతాఫలాలు, సీసా నిండా తేనె తెచ్చాడు. పట్టు పిండి అప్పుడే తీసిన తేనె. పైన మైనం ముక్కలు, రెండు మూడు తేనెటీగ రెక్కలు తేలుతున్నాయి. మా అమ్మాయి వేడివేడిగా రొట్టెలు కాల్చి పెడుతోంది. మా అత్త గోడకు చేరగిలబడి, రొట్టె ముక్క తేనెలో ముంచుకుని, కళ్లు మూసుకుని నమిలి, "ఎంత కమ్మగుందే పిల్లా! ఇంకింత పొయ్యి" అంది. మా ఆయనా, అమ్మాయీ నవ్వారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. పద్నాలుగేళ్ల కిందట ఇదే వాకిట్లో ఇలాంటి తేనెనే బూడిదకుప్పలో పారబోసిన చెయ్యి అది. ఇప్పుడు ఆ చేతిలోని గిన్నెలో నేనే తేనె పొయ్యాలి.

ఆ తేనె తెచ్చిన మనిషి ఫూలో దీదీ. కొండగావ్ వైపు నుంచి వచ్చింది, ఇంట్లో హల్బీ మాట్లాడేది. తెలుగూ హిందీ కలిసే సరిహద్దు ఊరు మా కొంటాలో ఆడపిల్లల హాస్టల్లో వంటపెద్ద. నేను భద్రాచలం అవతల ఒక పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చి, పాప పుట్టాక ఆమె కింద పనికి కుదిరాను. పొట్టి మనిషి, చేతుల నిండా పచ్చబొట్లు, గొంతు మాత్రం శబరి నది అవతలి గట్టుకు వినిపించేది. పప్పు మాడితే తిట్టేది, కూరలో ఉప్పు ఎక్కువైతే తిట్టేది, బియ్యంలో రాయి కనిపిస్తే ఆ రాయిని నా అరచేతిలో పెట్టి మరీ తిట్టేది. నాకు వంటా ఆమే నేర్పింది, కోపమూ ఆమే నేర్పింది. వంట బాగానే ఒంటబట్టింది. కోపమే, కావలసిన రోజున నోటికి రాలేదు.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఏం వండినా, పిల్లలంతా వరసగా కూర్చున్నాక, వాళ్లందరి కళ్ల ముందు మొదటి ముద్ద తను తినేది. తిని, మింగి, నోరు తెరిచి చూపించేది. పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. ఆ తర్వాతే గరిటె కదిలేది. "ఎందుకు దీదీ, రుచి లోపలే చూసినం గదా?" అని మొదట్లో అడిగాను. "రుచికి గాదు రే సరోజ్" అంది తనకొచ్చిన తెలుగులో. "ఈ పిల్లలు అమ్మను ఒదిలి వచ్చిండ్రు. పెట్టే మనిషి ముందు తినాలె. అప్పుడు వాళ్లకు భరోసా." చెట్టు మీది పండైనా సరే, పిల్లల చేతికిచ్చే ముందు ఒక ముక్క తన నోట్లో వేసుకునేది. కార్తీకంలో సీతాఫలాలు పండితే హాస్టల్ వెనకాల అందరం కూర్చుని తినేవాళ్లం. మొదటి గింజ ఉమ్మేది ఆమే. ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారో పందెం పెట్టి, చిన్నపిల్లల చేతిలో కూడా ఓడిపోకుండా మొండికేసేది.

ఒకసారి సరుకులో పురుగు పట్టిన శనగపప్పు వచ్చింది. కడిగి వండెయ్యమంది అధీక్షిక, అంటే హాస్టల్ పెద్దమ్మగారు. ఫూలో దీదీ నోరెత్తకుండా కడిగింది, వండింది. మధ్యాహ్నం పిల్లలు కూర్చున్నాక ఒక పళ్లెంలో పప్పు వడ్డించి అధీక్షిక ముందు పెట్టింది. "ఈ రోజు ముందు మీరు తినండి మేడమ్. నా భరోసా సరిపోదు." అందరు పిల్లలూ చూస్తుండగా ఆ మేడమ్ ముఖం ఎర్రబడింది. ఆ పప్పు పశువులకు పోయింది. పిల్లలకు ఆ పూట చింతపండు చారు. నేను లోపల గంతులేసినంత సంతోషపడ్డాను గాని, ఆ మేడమ్ ఈ సంగతి మరిచిపోయే రకం కాదని నాకు తట్టలేదు.

మా పాపకు రెండేళ్లప్పుడు దగ్గు పట్టుకుంది. వారం రోజులైనా తగ్గలేదు. ఒక ఉదయం ఫూలో దీదీ మా ఇంటికొచ్చింది, చేతిలో సొరబుర్రతో. మా వైపు ఆ బుర్రలో జీలుగు కల్లు తెచ్చుకుంటారు. మా అత్త, కల్లూ మాంసమూ మానేసి మెడలో భక్తిమాల వేసుకున్న ఇంటి నుంచి వచ్చిన మనిషి, కల్లు పేరెత్తితేనే చెంబెడు నీళ్లు పోసుకుంటుంది. నేను లోపల పాపను ఎత్తుకుని కిటికీలోంచి చూస్తున్నాను. "ఏంది అది?" అంది అత్త. "మంద్రస్. పాపకు" అంది దీదీ. ఆమె భాషలో మంద్రస్ అంటే తేనె. మా అత్త చెవికి అందులో మందు ఒక్కటే వినబడింది. దీదీ తన పద్ధతి ప్రకారం, పాపకు ఇచ్చేది గనక, గడప ముందే బుర్ర ఎత్తి ఒక గుటక తాగింది. తాగి, నోరు తెరిచి చూపించింది.

మా అత్త ఎగిరిపడింది. "నా వాకిట్ల నిలబడి తాగుతవా? పసిపిల్లకు మందు పోస్తవా?" అంటూ బుర్ర లాక్కుని బూడిదకుప్ప మీద బోర్లించింది. నాకు మంద్రస్ అంటే ఏంటో తెలుసు. రోజూ వినే మాటే. గడప దాటి ఒక్క అడుగు వేసి "అత్తా, అది తేనె" అనాలి. అంతే. ఆ రెండు మాటలకు నా నాలుక లేవలేదు. పెళ్లై నాలుగేళ్లు కాలేదు, అత్తకు ఎదురు చెప్పిన రోజు ఒక్కటీ లేదు. దీదీ కిటికీ వైపు చూసింది. నేను పాప ముఖం వైపు చూశాను.

మర్నాడు పొద్దున బూడిదకుప్ప నల్లగా కదులుతోంది. చీమలు. మా అత్త చీపురు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత బకెట్‌తో నీళ్లు తెచ్చి కుప్ప మీద గుమ్మరించింది. అప్పటికే ఊరంతా హాస్టల్ వంటామె తాగుతుందన్న మాట పాకింది.

అధీక్షిక నన్ను పిలిచింది. దీదీ అక్కడే నిలబడి ఉంది. "తను తేనె అంటోంది, మీ అత్త మందు అంటోంది. నువ్వు ఇంట్లోనే ఉన్నావు గదా, ఏం తెచ్చింది?" అని హిందీలో అడిగింది. దీదీ వంటశాలలో ఉండడమా పోవడమా, అంతా నా జవాబులో ఉంది. "నేను లోపలున్నా మేడమ్. నాకు తెలియదు" అన్నాను. ఆ గదిలో నిజం తెలిసి అబద్ధమాడింది నేనొక్కదాన్నే. ఆ నెలలోనే వంటపెద్ద పని నాకిచ్చారు. వెళ్లేటప్పుడు దీదీ గరిటె కడిగి నా చేతిలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "ముందు నువ్వు తినాలె రే, తర్వాత పిల్లలకు" అని మాత్రం అంది. అంత కోపిష్టి మనిషి నా మీద కోపం కూడా దండగ అనుకుందేమో. కొండగావ్‌కు బస్సెక్కితే ఒక రోజు ప్రయాణం. ఇన్నేళ్లలో నేను ఎక్కలేదు.

మొన్న అత్త గిన్నె చాచేసరికి ఆగలేకపోయాను. సీసా ఎత్తి, ముందు నేను ఒక గుటక తాగాను. నోరు తెరిచి చూపించాను. "మంద్రస్" అన్నాను. మా అమ్మాయి తెల్లబోయింది. "మంద్రస్ అంటే తేనె, అత్తా. ఆ రోజు గూడ తేనే. ఉన్న ఊళ్లో ఆమె పరువు తీసినవ్."

అత్త గిన్నె కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, లేదా అరుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"చీమలను చూసిన్నాడే తెల్సింది" అంది. "నా నోటితో నేనే ఒప్పుకోలేక ఊకున్న, నిజమే. అయితే పారబోసిన్నాడు నాకు తెల్వదు పిల్లా. నీకు తెల్సు. నువ్వేం జేసినవ్ మరి?"

ఆమె మీద మండిపడుతూ పద్నాలుగేళ్లు గడిపినదాన్ని, ఆ ఒక్క ప్రశ్న నాకు నేను వేసుకోకుండా గడిపాను. గిన్నెలో తేనె పోశాను. ఆమె తినలేదు, నేనూ తినలేదు. మా అమ్మాయి ఇద్దరి ముఖాలూ చూసి, "ఎవరమ్మా ఆమె?" అని అడిగింది. మొదటినుంచి చెప్పాను. నా అబద్ధం దగ్గరికొచ్చాక కూడా ఆపలేదు.

హాస్టల్లో ఇవాళ్టికీ పిల్లలంతా కూర్చున్నాక మొదటి ముద్ద నేనే తింటాను. మింగి, నోరు తెరిచి చూపిస్తాను. వాళ్లు భరోసాగా నవ్వుతారు. ఆ తర్వాత, ఆమె కడిగి నా చేతిలో పెట్టిన గరిటెతో వడ్డిస్తాను.