పామర్రు చేలో రెండో పటం

మా మాస్టారు పోయారు. పోయిన వారం మంగళవారం పొద్దున భవానీపురంలో, కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూనే ఒరిగిపోయారట. కాలేజీలో ఆయన ఫిజిక్స్ లెక్చరరు, నేను ల్యాబు చూసేవాణ్ణి. ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఎందుకో చెబుతాను.

ఎమర్జెన్సీకి ముందు వేసవిలో, పామర్రు దగ్గర పాతకాలపు ఇటుకలు బయటపడ్డ చేలో మేమిద్దరం నాలుగు ఇనుప ఊచలు వరసగా పాతి, బ్యాటరీతో నేలలోకి కరెంటు పంపేవాళ్ళం. తడి మట్టిలో కరెంటు సులువుగా పోతుంది, ఇటుక గోడ అడ్డొస్తే మొరాయిస్తుంది. మీటరు చూసేముందు మాస్టారు చెప్పులు విడిచేవారు. నేను కంగారుపడితే, "నేలకి తొందర లేదోయ్, నీకే!" అనేవారు. నాలాంటివాడికి ఓపిగ్గా మీటరు చదవడం నేర్పింది ఆయనే. ఆ అంకెలతో గోడ ఎక్కడుందో గ్రాఫు కాగితం మీద గీశారు.

పురావస్తు శాఖ తవ్వకాల ఆఫీసరు ఆ పటం పట్టుకెళ్ళి తవ్వించాడు. గోడ గీసినచోటే దొరికింది. రిపోర్టులో మాత్రం తన అనుభవంతో కనిపెట్టానని రాసుకున్నాడు. ఇదేమిటని అడిగితే, "మీ ఊచలు బావులకి నీటిజాడ పట్టడానికి పనికొస్తాయండీ మాస్టారూ, చరిత్రకి కాదు" అన్నాడు. మాస్టారు నమస్కారం పెట్టి వచ్చేశారు. ఆ మంచితనం చూసి నాకు ఒళ్ళు మండింది.

మంచితనమనుకుని నేనే పొరబడ్డాను. మరుసటేడు ఆఫీసరు బందరు లడ్డూలు పట్టుకొచ్చి, పక్క చేను కూడా కొలిచిపెట్టమన్నాడు. మాస్టారు ఒక లడ్డూ తీసుకుని నిదానంగా తిన్నారు. "మీకు అనుభవం ఉంది కదండీ" అన్నారు. ఆ చేను మేం అంతకు ముందు వారమే కొలిచేశాం. పటం బీరువాలో ఉంది.

ఆఫీసరు చేలో ఎత్తుగా ఉన్న మూల చూసి అక్కడ తవ్వించాడు. చేను చదును చేసినప్పుడు మిగిలిన మట్టి రైతు ఓ మూల పోస్తాడని మా వైపు అందరికీ తెలుసు. ఆ ఆఫీసరుకి తప్ప. నెల్లాళ్ళు బురద తోడించాడు. మేం గట్టుమీద కూచుని ఫ్లాస్కులో కాఫీ తాగుతూ చూశాం. "పది అడుగులు పడమరకి జరిగితే చాలు, పాపం!" అని మాస్టారు పగలబడి నవ్వారు. నాకూ కడుపు నిండింది.

నిన్న పెద్దకర్మకి ఆఫీసరు వచ్చాడు. "మాస్టారి కాగితాలు ఇప్పించండమ్మా, నేను భద్రం చేస్తాను" అన్నాడు.

"అవన్నీ ఈయనకిచ్చేశానండీ" అని మాస్టారి భార్య నన్ను చూపించారు.

మాస్టారి పేరు పెట్టి తవ్వుతానన్న మనిషెవరైనా వస్తే ఇస్తాను. వీడికి చచ్చినా ఇవ్వను. ఆ రెండో పటం మీద మాస్టారు పెన్సిల్‌తో సన్నగా అంకెలే వేశారు, పేరు రాసుకోలేదు. మొన్ననే ఆ పేరు నేను నల్ల సిరాతో లావుగా రాసి, ఫ్రేము కట్టించి, దండ వేసిన ఫొటో పక్కన తగిలించాను. భోజనాలయ్యేదాకా ఆఫీసరు కుర్చీలోంచి కళ్ళజోడు సవరించుకుంటూ మెడ సాచి దాన్నే చూశాడు. అక్కణ్ణుంచి పేరు బాగా కనిపిస్తుంది. అంకెలు కనపడవు.